మాటలకు డబ్బులా?



ఈ శీర్షికకు వచ్చే ఉత్తరములలో సగము పిల్లల చదువులు, పెండ్లి సంబంధములు, అన్నదమ్ముల పంపకములను గూర్చినవే. అయితే ఈ మధ్య మరొక రకము ఉత్తరములు కూడ వచ్చుచున్నవి. కవరు మీద పంపినవారి పేరు ఉండదు. లోపల "దయచేసి మా ఊరి పేరు వేయవద్దు" అని రెండుసార్లు వ్రాసి ఉంటుంది. అటువంటి ఒక తల్లి ఉత్తరమును ముందు పెట్టుకొని ఈ నెల మాట్లాడుకొందము. ఆమె ఎవరో తెలియకుండునట్లు వివరములు కొన్ని మార్చాము.

కుమారుడు డిగ్రీ చదివాడు. పట్నములో చేయుచున్న ఉద్యోగము పోయి ఇంటికి వచ్చాడు. ఆరు నెలలుగా గది విడిచి రాడు. పిలిస్తే పలుకడు, పిలువకపోతే అన్నము తినడు. రాత్రులు నిద్ర లేదు. పట్టణములోని డాక్టరుగారు మాత్రలు వ్రాసి, వారమునకొకసారి కౌన్సెలింగ్‌కు తీసుకొని రమ్మన్నారు. రెండు వారములు వెళ్లారు. మూడవ వారము తండ్రి ఆపివేశాడు. "ఇంజెక్షన్ లేదు, టానిక్ లేదు. మనవాడి చేతనే మాట్లాడించి మన దగ్గరే డబ్బు తీసుకొనుచున్నారు. ఆ మాటలేవో మనము చెప్పుకోలేమా?" అన్నాడట. ఇప్పుడేమి చేయాలని తల్లి అడుగుచున్నది.

ఆ తండ్రిని తప్పు పట్టనక్కర లేదు. కూలి డబ్బుతో బస్సెక్కి వెళ్లేవాడు, తనకు ఏమి ఇస్తున్నారని అడుగుట న్యాయమే. జవాబు చెప్పవలసిన బాధ్యత తెలిసినవారిది.

మొదట ఒక సంగతి. ఇంట్లో చెప్పే మాటలు సాధారణముగా ఇలా ఉంటాయి: "ధైర్యముగా ఉండు." "నీకంటే కష్టములో ఉన్నవారు లేరా?" "ఒక పెండ్లి చేస్తే వాడే దారికి వస్తాడు." వీటిని సలహాలంటారు. చెప్పినవారికి బరువు తీరుతుంది గాని విన్నవారికి తీరదు. మూడవ సలహా వలన ఒకరి దుఃఖము ఇద్దరిదైన ఇండ్లు మనకు తెలియనివి కావు. కౌన్సెలింగ్ అనునది సలహా కాదు. కౌన్సెలర్ ఎక్కువ వింటాడు, తక్కువ మాట్లాడుతాడు, మాట్లాడిన దానికి ఒక పద్ధతి ఉంటుంది. ఆ పద్ధతులు నూరు సంవత్సరములకు పైగా అనేకులు కష్టపడి, పరీక్షించి, సరిదిద్దుకొన్నవి.

ఈ చరిత్రను సాధారణముగా వియన్నా నగరములో మొదలుపెట్టుదురు. 1880లో బ్రాయర్ అను వైద్యుడు ఒక యువతికి చికిత్స ఆరంభించాడు. జబ్బుపడిన తండ్రికి సేవ చేస్తూ ఆమె తానే జబ్బుపడింది. కుడి చేయి చచ్చుబడింది. ఒక దశలో నీళ్లు త్రాగలేకపోయింది. ఒక్కొక్క బాధ ఎప్పుడు, ఎలా మొదలైనదో చెప్పుకొన్నప్పుడు ఆమెకు ఊరట కలుగుట బ్రాయర్ గమనించాడు. ఈ పనికి మాటల చికిత్స అని పేరు పెట్టినది ఆ రోగియే. బ్రాయర్, ఆయన స్నేహితుడు ఫ్రాయిడ్ కలసి 1895లో దీనిని పుస్తకముగా వ్రాశారు. ఆమెకు అప్పుడే పూర్తిగా నయమైనదని చెప్పుట సరికాదు. తరువాత కూడ ఆమె ఆసుపత్రులలో ఉండవలసి వచ్చింది. కాని కాలక్రమములో కోలుకొని, స్త్రీల కొరకు పనిచేసిన గొప్ప సంఘసేవకురాలైంది.

ఫ్రాయిడ్ పద్ధతిలో రోగి వారములో అనేక దినములు, సంవత్సరముల తరబడి రావాలి. మన పల్లెలవారికి అది తటస్థపడదు గనుక అక్కడ ఆగనక్కర లేదు. ఫ్రాయిడ్‌కు భక్తి అంటే గిట్టదు, కాబట్టి ఈ శాస్త్రమే మనకు వద్దు అనేవారు మన సంఘములలో ఉన్నారు. ఎలుకలున్నవని ఇంటికి నిప్పు పెట్టుకొనుట వంటిది ఆ మాట.

మన చదువరులకు ఎక్కువ పనికివచ్చేవాడు కార్ల్ రోజర్స్. 1902లో అమెరికాలో చికాగో దగ్గర పుట్టాడు. ఆయనకు పండ్రెండేండ్లప్పుడు కుటుంబము పట్నము విడిచి వ్యవసాయ క్షేత్రమునకు మారింది. కాలేజీలో మొదట చదివినది వ్యవసాయ విద్య. 1922లో క్రైస్తవ విద్యార్థుల సభలకు చైనా దేశము వెళ్లి వచ్చాడు. తరువాత పాదిరి కావాలని న్యూయార్కులో వేదాంత పాఠశాలలో చేరి, రెండేండ్లు చదివి, అది విడిచి మనస్తత్వ శాస్త్రములోనికి వెళ్లాడు.

ఆయన స్వయముగా చెప్పిన ఒక సంఘటన ఉన్నది. రోచెస్టర్ పట్టణములో పిల్లల కొరకైన సంస్థలో పనిచేయుచుండగా, మాట వినని కుమారుని గూర్చి ఒక తల్లి వచ్చేది. తప్పు ఎక్కడున్నదో రోజర్స్ ముందే తేల్చుకొన్నాడు: తల్లి ఆ పిల్లవానిని చిన్నతనములో ప్రేమించలేదు. దానిని ఆమెకు తెలియజెప్పాలని అనేక వారములు ప్రయత్నించాడు. ఏమీ ఫలించలేదు. చివరకు, ఇక ఆపివేద్దామా అని అడిగాడు. ఆమె సరేనని లేచి, తలుపు దగ్గరకు వెళ్లి, వెనుకకు తిరిగి, "ఇక్కడ పెద్దవారికి కూడ కౌన్సెలింగ్ చేస్తారా?" అని అడిగింది. చేస్తామనగానే మరల కూర్చుండి, భర్తతో తన కాపురము ఎంత చెడిపోయినదో చెప్పనారంభించింది. అన్ని వారములు ఆయన అడిగిన ప్రశ్నలలో ఆ మాటకు చోటే లేదు. ఎక్కడ నొప్పి ఉన్నదో వచ్చినవారికే తెలుసునని రోజర్స్ అక్కడ నేర్చుకొన్నానన్నాడు.

ఆ పాఠము మీద ఆయన తన పద్ధతి కట్టాడు. వినువాడు కపటము లేనివాడై ఉండాలి. ఎదుటివానిని షరతులు లేకుండా ఆదరించాలి. వాని స్థానములో నిలువబడి వాని బాధను గ్రహించాలి. 1957లో వ్రాసిన వ్యాసములో, మార్పు కలుగుటకు అవసరమైనవాటిలో ఈ మూడింటికి ముఖ్యస్థానమిచ్చాడు. చిన్నప్పుడు తమ నేలమాళిగలో నిలువ చేసిన బంగాళాదుంపలు, ఎక్కడో పైనున్న చిన్న కిటికీ వెలుతురు వైపు తెల్లని మొలకలు చాపుట ఆయన చూశాడు. మనిషిలో కూడ అటువంటి బలమున్నదని ఆయన నమ్మకము. మనిషి స్వభావమును గూర్చి ఆయన మరీ మంచిగా తలంచాడని మా అభిప్రాయము. అది ప్రక్కన పెట్టినా, వినుట ఎట్లో ఆయన దగ్గర నేర్చుకొనదగినది చాలా ఉన్నది.

ఒక చిన్న ఉదాహరణ చూడండి. ఒక అమ్మాయి "బ్రతకాలని లేదు అత్తయ్యా" అన్నదనుకొనండి. "ఛీ, అవేం మాటలు, పాపము" అంటే ఆ మాట అక్కడితో ఆగిపోతుంది, బాధ మాత్రము ఆగదు. "ఎప్పటినుండి అలా అనిపిస్తుందమ్మా? చనిపోవాలనే ఆలోచన వస్తుందా? ఎలా చేయాలని కూడ అనుకొన్నావా?" అని నెమ్మదిగా అడిగితే తలుపు తెరచుకొంటుంది. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్లవుతుందని చాలమంది భయపడుదురు. ఆ భయము నిజము కాదని పరిశోధనలు చూపినవి. అడిగించుకొన్నవారు ఎక్కువగా ఊపిరి పీల్చుకొందురు.

రెండవ మార్గము భయములకు సంబంధించినది. 1924లో మేరీ కవర్ జోన్స్ అను ఆమె, కుందేలును చూస్తే హడలిపోయే మూడేండ్ల పిల్లవాని విషయము ప్రచురించింది. పిల్లవాడు తనకిష్టమైనది తినుచుండగా కుందేలును బోనులో పెట్టి గదిలో దూరముగా ఉంచేవారు. దినదినమునకు కొంచెము దగ్గరకు జరిపేవారు. చివరకు వాడు దానిని చేతితో నిమిరాడు. లారీ గుద్దిన ప్రమాదము తరువాత రోడ్డెక్కలేనివారికి, గుడిసె కాలిన తరువాత పొయ్యి దగ్గరకు పోలేని స్త్రీకి నేడు చేసే చికిత్స ఈ దారిలోనిదే. మెట్టుమెట్టుగా, మనిషి ఒప్పుకొన్నంత మేరకే చేస్తారు. బలవంతముగా తోసివేస్తే భయము రెట్టింపవుతుంది.

మూడవది ఆరన్ బెక్ చూపిన దారి. ఆయన 2021లో నూరేండ్లు నిండి చనిపోయారు. ఫిలడెల్ఫియాలో ఫ్రాయిడ్ పద్ధతి నేర్చిన వైద్యుడే. కాని 1960 ప్రాంతములో దిగులు జబ్బువారిని గమనించగా, వారి మనస్సులో కొన్ని ఆలోచనలు వాటంతట అవే పరుగెత్తుట ఆయనకు కనబడింది. మిర్చి ధర పడిపోయింది. ఇది జరిగిన సంగతి. "నేను ఏది ముట్టుకొన్నా మట్టే" అనునది ఆలోచన. "నా పిల్లలకు నేను లేకపోవుటే మేలు" అనునది దాని వెనుకనే వచ్చిన మరొక ఆలోచన. జబ్బుపడిన మనస్సుకు ఈ మూడింటి మధ్య భేదము తెలియదు, మూడూ ఒకేలాగు నిజమనిపించును. కౌన్సెలర్ నోటుబుక్కులో వ్రాయిస్తాడు: ఏమి జరిగింది, అప్పుడేమి అనుకొన్నావు, ఎలా అనిపించింది, దానికి సాక్ష్యమేమి, వేరుగా చూడవచ్చునా? ధైర్యముగా ఉండమని ఆయన చెప్పడు. సాక్ష్యము అడుగుతాడు. ఒక విధముగా మన ఊరి పెద్దమనుషుల తగవులో అడిగే ప్రశ్నల వంటివే ఇవి, కాని ముద్దాయిని శిక్షించుటకు కాదు, విడిపించుటకు. 1979లో బెక్, ఆయన సహచరులు ఈ పద్ధతిని పుస్తకముగా ప్రచురించిన తరువాత అది దేశదేశములకు వ్యాపించింది.

అయితే ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పవలసి యున్నది. నిజముగా అప్పులున్నవానితో నీ ఆలోచన మార్చుకో అనుట ఎగతాళి అవుతుంది. త్రాగి వచ్చి కొట్టే భర్త ఉన్న స్త్రీ భయము ఆలోచనలోని దోషము కాదు. మంచి కౌన్సెలర్ మొదట ఏది కష్టమో, ఏది జబ్బో విడదీస్తాడు. కష్టమునకు ఒక్కొక్కటిగా పరిష్కారము వెదకుటకు తోడ్పడుతాడు. ఈ దారిలో ప్రపంచమునకు పాఠము చెప్పినది అమెరికా కాదు, జింబాబ్వే. ఆఫ్రికాలోని పేద దేశము.

అక్కడి మానసిక వైద్యులను వ్రేళ్లమీద లెక్కించవచ్చును. డిక్సన్ చిబాండా అను వైద్యుని వద్దకు రావలసిన ఒక యువతి, బస్సు చార్జీలు లేక రాలేక, ప్రాణము తీసుకొన్నది. ఆసుపత్రికి రాలేనివారి దగ్గరకు మనమే పోవాలని ఆయన నిశ్చయించుకొన్నాడు. 2006లో హరారే నగరములోని ఎంబారే అను పేదల పేటలో ఆరంభించినప్పుడు ఆయనకు దొరికినది పదునాలుగు మంది ముసలమ్మలు. ఆరోగ్య కేంద్రమునకు సహాయము చేసే అవ్వలు వారు. గది ఇవ్వలేదు గనుక చెట్టు క్రింద చెక్క బల్ల వేశారు. మొదట మానసిక ఆరోగ్యపు బల్ల అని పేరు పెడితే ఎవరూ వచ్చి కూర్చోలేదట! స్నేహపు బల్ల అని మార్చిన తరువాత వచ్చారు. పేరులో ఏమున్నదని అనుకోవద్దు. మన ఊళ్లలో కూడ "పిచ్చాసుపత్రి" అనే మాట ఒక్కటే ఎంతమందిని గుమ్మము దగ్గరే ఆపివేసిందో.

ఆ అవ్వలు డిప్రెషన్ అనరు. తమ షోనా భాషలో అతిగా ఆలోచించుట అను అర్థమిచ్చే మాట వాడుదురు. మొదట పదునాలుగు ప్రశ్నలు అడుగుదురు. తరువాత కష్టములన్నీ చెప్పించి, వాటిలో ఒక్కదానినే ఎన్నుకొనమందురు. ఆ ఒక్కదానికి ఈ వారము ఏమి చేయగలవో వచ్చినవారి చేతనే చెప్పించుదురు. వచ్చే వారము మరల బల్ల దగ్గర కలుసుకొని అది జరిగినదా అని విచారింతురు. 573 మందితో చేసిన పరీక్ష ఫలితములు 2016లో అమెరికా వైద్య పత్రికలో వచ్చినవి. ఆరు నెలల తరువాత, మామూలు వైద్యము పొందినవారికంటే బల్ల దగ్గర కూర్చున్నవారిలో దిగులు, ఆందోళన చాలా తక్కువగా కనబడినవి.

ఇటువంటిదే మన దేశములో గోవాలో జరిగింది. 1996లో మొదలైన సంగత్ అను సంస్థ, డాక్టరు విక్రమ్ పటేల్ మొదలైనవారి ఆధ్వర్యములో, మానసిక వైద్యములో డిగ్రీలు లేని స్థానికులకు శిక్షణనిచ్చి ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలో కూర్చుండబెట్టింది. తీవ్రమైన దిగులుతో ఉన్న దాదాపు 500 మందితో పరీక్షించి చూశారు. ఆరు నుండి ఎనిమిది సార్లు కలుసుకొనుట, అంతే. పద్ధతి చాలా సాదా: మనస్సు బాగుపడిన తరువాత పని చేద్దామని కూర్చోవద్దు, చిన్న పనితో మొదలుపెట్టు, మనస్సు వెనుక వస్తుంది. ఉదయము లేచి గేదెకు గడ్డి వేయుట. సాయంత్రము టీ కొట్టు దాకా నడచి వచ్చుట. మానివేసిన పాటల సాధనకు ఒక్కరోజు వెళ్లి వెనుక వరుసలో కూర్చుండుట. ఆ రాసుకొన్న పనులలో ఎన్ని జరిగినవో మరుసటిసారి చూసుకొందురు. మన తల్లి వ్రాసిన కుమారునికి ఆ రెండు వారములలో ఇదే మొదలుపెట్టి ఉండవచ్చును. రెండు వారములకు ఫలితము చూడలేము. విత్తనము వేసి మూడవ నాడు త్రవ్వి చూచే రైతు ఎక్కడా లేడు గదా!

"చూశారా, ముసలమ్మలే చేసినప్పుడు మనమే చేసుకొందము" అని ఆ తండ్రి అనవచ్చును. కాదు. ఆ అవ్వలు శిక్షణ పొందినవారు. వారి పైన విచారించేవారున్నారు. ప్రాణాపాయము కనబడితే వారు తమ దగ్గర ఉంచుకొనక పైకి పంపుదురు. తన హద్దు తెలిసియుండుటే ఆ పనిలో సగము. సంఘ కాపరులకు కూడ ఇది వర్తించును. ఆంటన్ బాయిసన్ అను అమెరికా దేశపు పాదిరి 1920లో తానే మతిచలించి ఆసుపత్రిలో ఉండి, కోలుకొని, 1924లో ఊస్టర్ మానసిక వైద్యశాలలో చాప్లెయిన్ అయ్యాడు. మరుసటి యేడు వేదాంత విద్యార్థులను ఆ వార్డులకు తెచ్చి, రోగుల ప్రక్కన నేర్పనారంభించాడు. పుస్తకములు చదివినట్లే బాధలోనున్న మనుష్యులను కూడ ఓపికగా చదవాలనేది ఆయన పట్టుదల. మన దేశములో స్టాన్లీ జోన్స్‌గారు 1950లో లక్నోలో నూర్ మంజిల్ అను మానసిక వైద్యాలయమును స్థాపించారు. ప్రార్థించేవారికి ఈ వైద్యము అక్కర లేదనే మాట కనీసము ఆయన ఎరుగడు.

ఏవి కౌన్సెలింగ్‌తో మాత్రమే పోవు? లేని మాటలు చెవిలో వినబడుట, అందరూ తనను చంప చూస్తున్నారనుకొనుట, నిద్ర లేకుండా దినముల తరబడి అతిగా మాట్లాడుట, దానధర్మములు చేసివేయుట, కాన్పు అయిన కొద్ది దినములకే తల్లి మతి తప్పి బిడ్డను గుర్తింపకపోవుట. వీటికి ముందు సైకియాట్రిస్టు, మందు, ఆ తరువాతనే మాటలు. వీరిని దయ్యము పట్టినదని కట్టివేసి కూర్చుండుట ప్రాణముల మీదికి వస్తుంది. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో అగ్ని ప్రమాదము జరిగినప్పుడు, గొలుసులతో కట్టబడి ఉండుట చేత పారిపోలేక 28 మంది మానసిక రోగులు కాలి చనిపోయారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము గొలుసులతో బంధించుటను నిషేధించింది. ఏ పేరుతో చేసినా అది నేరమే.

ఇక గుట్టు విషయము. కౌన్సెలర్ విన్నది బయట చెప్పరాదు. రోగి సంగతులు రహస్యముగా ఉండుట అదే చట్టము ఇచ్చిన హక్కు. మన దగ్గర ఈ హక్కును ఎక్కువగా హరించేది ప్రార్థన మనవి. "ఫలానా వారి కోడలికి మనస్సు బాగులేదు, ప్రార్థించండి" అని మైకులో చెప్పిన ఆదివారము తరువాత ఆ కోడలు గుడికి ఎందుకు వస్తుంది? పేరు చెప్పకుండ ప్రార్థించలేమా? ఇంకొకటి: కోడలిని కౌన్సెలింగ్‌కు తీసుకొని వెళ్లి అత్తగారు, ఆడబిడ్డ, భర్త ముగ్గురూ గదిలో కూర్చుంటే ఆ అమ్మాయి ఏమి చెప్పగలదు? కుటుంబము తోడుండుట మంచిదే. అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో 1950ల నాడే డాక్టరు విద్యాసాగర్‌గారు ఆవరణలో గుడారములు వేయించి రోగులతోపాటు వారి కుటుంబమువారిని ఉండనిచ్చారు, రోగులు త్వరగా ఇండ్లకు చేరారు. కాని తోడుండుట వేరు, కాపలా ఉండుట వేరు.

కౌన్సెలర్‌ను ఎన్నుకొనునప్పుడు బోర్డు చూచి మోసపోవద్దు. ఏమి చదివారు, ఎక్కడ శిక్షణ పొందారు, ఎన్నిసార్లు రావాలి, ఎంత తీసుకొందురు అని అడుగవచ్చును. అడిగితే కోపగించుకొనేవారి దగ్గరకు రెండవసారి వెళ్లనవసరము లేదు. క్లినికల్ సైకాలజిస్టులకు భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ ఉండాలి. మందులు వ్రాసేది సైకియాట్రిస్టు. డాక్టరుగారు ఇచ్చిన మాత్రలను కౌన్సెలింగ్ మొదలైనదని మీ అంతట మీరు ఆపవద్దు. డబ్బు లేనివారికి హైదరాబాదు ఎర్రగడ్డలోను, విశాఖపట్నములోను ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నవి. ఇల్లు కదలలేనివారు 14416 నంబరుకు ఫోను చేయవచ్చును. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్ అది. రాత్రింబవళ్లు, ఉచితముగా, తెలుగులో మాట్లాడుదురు. పురుగుల మందు త్రాగినవారికైతే కౌన్సెలింగ్ మాట తరువాత, ముందు 108కి ఫోను చేసి ఆసుపత్రికి చేర్చండి. ఇంట్లో అటువంటి దిగులువారు ఉన్నంతకాలము ఆ డబ్బాలు ఇంటిలోను పాకలోను ఉంచవద్దు.

ఉత్తరము వ్రాసిన అమ్మకు: బాబును ఈ వారమే మరల తీసుకొని వెళ్లండి. ఈసారి నాన్నగారు కూడ వెళ్లడము మంచిది. మాకు వ్రాసిన ప్రశ్ననే కౌన్సెలర్‌గారిని ఆయన నేరుగా అడుగవచ్చును, వారు కోపగించుకొనరు. బాబు ఎప్పటినుండి నిద్రపోవుట లేదు, ఎప్పుడు అన్నము మానివేశాడు, ఇప్పుడు ఏ మాత్రలు వేసుకొనుచున్నాడు, ఇవన్నీ ఒక కాగితము మీద వ్రాసుకొని పోండి. గదిలోనికి వాడిని ఒక్కడినే పంపి మీరిద్దరు బయట కూర్చుండండి. తిరిగి వచ్చే దారిలో లోపల ఏమి మాట్లాడావని అడుగవద్దు. బస్సుస్టాండులో ముగ్గురూ కలసి టీ త్రాగి రండి.